దవాఖానకు చూపులు

పోచారం ప్రాజెక్టు పొంగి ఎల్లారెడ్డి రోడ్డు కోసుకుపోయిన ఏడు ఇది జరిగింది. ఆ వానకు మా పింజరి గల్లీలో కూడా మోకాలి లోతు నీళ్లు నిలిచాయి. మెదక్‌లో చాలా గల్లీల్లో నిలిచాయి. కానీ మాది దూది ఏకే ఇల్లు. తడిసిన దూది దేనికీ పనికిరాదు. నేను, నా భార్య మన్సూరా దూది బస్తాలు ఎత్తి అటక మీదికి వేస్తున్నాం. నీళ్ల అడుగున ఏ రేకుముక్క ఉందో, ఆమె కుడి పాదం కోసుకుపోయింది. ఆమెకు తెలియలేదు. ఎన్నో ఏళ్ల షుగర్, కాళ్లు మొద్దుబారాయి. నీళ్లు తీశాక ఇల్లు కడుగుతుంటే బండల మీద ఎర్రటి మరకలు కనబడ్డాయి. అప్పుడు చూశాం.

పుండు మానలేదు. పెద్ద దవాఖానకు తీసుకుపోయాను. అక్కడి డాక్టరు మంచిగానే చూశాడు. రోజు విడిచి రోజు కట్టు మార్చాలి, అశ్రద్ధ చేస్తే చీము ఎముకకు దిగుతుంది, అప్పుడు పాదం తీసేయడమే అన్నాడు. నాతోనే చెప్పాడు గానీ ఆమె కూడా విన్నది. ఇంటి ముందు దిగాక అడిగింది.

“పాదం తీస్తే నమాజుకు ఎట్ల కూసుంటరు?”

చేయి పట్టి ఆమెను గడప దాటించాను.

పెద్ద దవాఖాన మాకు ఊరి అవతలి కొస. అక్కడ చీటీకి ఒక వరుస, డాక్టరుకు ఒక వరుస, కట్టుకు ఇంకో వరుస. నిలబడితే పుండు మళ్లీ తెరుచుకునేది. అందుకని మా గల్లీ చివర ఉన్న చిన్న సర్కారు దవాఖానకే తీసుకుపోవడం మొదలుపెట్టాను. రెండు గదులు, ఒక వరండా. డాక్టరు ఎప్పుడో ఒకసారి వచ్చేవాడు. ఎప్పుడూ ఉండేది సిస్టర్ మార్తమ్మ. చర్చి దిక్కు నుంచి పాత స్కూటీ మీద వచ్చేది. మన్సూరాను వరండాలో బెంచీ మీద కూర్చోబెట్టి, తను కింద కూర్చొని కట్టు విప్పేది. వాసనకు ముఖం తిప్పుకునేది కాదు. తిట్టడం మాత్రం బాగా తిట్టేది.

“మల్ల మిఠాయి తిన్నవు గదా చిన్నమ్మా? అబద్ధం చెప్పకు. నీ పుండే చెప్తది నాకు.”

“ఒక్క ముక్క తిన్న బిడ్డా. పక్కింట్ల పిల్లకు పేరు పెట్టిండ్రు. వద్దంటే బాగుంటదా?”

“కాలు పోతే బాగుంటదా? మౌలాలి కాకా, జర నువ్వన్న చెప్పరాదు?”

“చెప్తే ఇంటదా?” అన్నాను.

“నువ్వు చెప్తే గదా నేను ఇననీకి,” అంది మన్సూరా. “నువ్వు నోరు తెరిచేది దూదికి తుమ్మొచ్చినప్పుడే.”

మార్తమ్మ నవ్వింది. పక్కన వరుసలో ఉన్నవాళ్లు కూడా నవ్వారు. నవ్వితే నవ్వనీ అనుకున్నాను.

చలి మొదలయ్యేసరికి పుండు అంచులు దగ్గరికి రాసాగాయి. లోపల ఎర్రగా కొత్త కండ కనబడింది. ఇట్లాగే కట్టు పడుతూ ఉంటే ఎండాకాలం లోపల మానుతుందని మార్తమ్మ చెప్పింది. ఆ రోజు మన్సూరా ఇంటికి వచ్చి చాలా రోజుల తర్వాత కడుపునిండా తిన్నది.

చట్టం మాట అప్పుడే వచ్చింది. దేశంలో ఉన్న సర్కారు దవాఖానలన్నిటికీ కలిపి ఢిల్లీలో కొత్త చట్టం చేశారని టీవీలో చెప్పారు. టీవీలో చాలా చెబుతారని నేను పట్టించుకోలేదు. కొన్ని రోజులకు మార్తమ్మే కట్టు కడుతూ ఆ సంగతి ఎత్తింది. మా గల్లీలో టెంట్ హౌస్ నడిపే సర్ఫరాజ్ కూడా బీపీ గోలీల కోసం వచ్చి ఉన్నాడు.

“చిన్నదైనా పెద్దదైనా ప్రతి సర్కారు దవాఖానల రోజూ డాక్టర్ ఉండాలెనంట. రక్తం చూసే ల్యాబ్ ఉండాలె, మందులు ఉండాలె. లేకుంటే సర్కారే తెచ్చియ్యాలె. ఇదివరకు లెక్క ఇస్తే ఇచ్చినట్టు లేకుంటే లేనట్టు కాదు. కని ముందుగాల తనిఖీకి వస్తరు. చూసినంక, దీన్ని ఉంచాల్నా, పెద్దదాంట్ల కలపాల్నా అని రాసి పంపుతరు.”

“కలుపుడంటే ఏందక్కా?” అన్నాడు సర్ఫరాజ్.

“ఇది మూస్తరు.”

సర్ఫరాజ్ గోలీలు చేతిలో పట్టుకొని అట్లాగే నిలబడ్డాడు. మన్సూరా తన పాదం వైపు చూసుకుంది.

“ఏమేం చూస్తరు సిస్టరమ్మా?” అని అడిగాను.

“నాకొచ్చిన కాయిదంల సఫాయి గురించే ఉన్నది కాకా. గోడలు, నల్లా, చెత్తకు రంగురంగుల డబ్బాలు. మిగిలింది వాళ్లకే ఎరుక.”

“ఇగ చెప్పకక్కా, సమజైంది,” అన్నాడు సర్ఫరాజ్. “సంబంధం చూడనీకి వచ్చినట్టే గదా. నాకిడిసిపెట్టు.”

పిల్లను చూడడానికి వచ్చేవాళ్లు పిల్ల కంటే ముందు ఇంటిని చూస్తారు. అందుకని మా దగ్గర అంతకుముందే గోడలకు సున్నం వేస్తాం. కిరాయికైనా మంచి కుర్చీలు తెస్తాం. దగ్గే ముసలివాళ్లను, ఏడ్చే పిల్లలను ఆ పూటకు పక్కింటికి పంపుతాం. మా పెద్దబిడ్డను చూడడానికి వచ్చినప్పుడు, పక్షవాతం పడ్డ మా అమ్మను మంచంతో సహా ఎత్తి వెనకింట్లో పెట్టాం. మా అమ్మే తొందరపెట్టింది, వాళ్లు వచ్చేలోపు నన్ను తీయండ్రిరా అని. ఇందులో ఎవరూ తప్పు పట్టరు. వచ్చినవాళ్లు కూడా వాళ్లింట్లో ఇదే చేస్తారు. సర్ఫరాజ్ పుట్టినప్పటి నుంచి చూసింది పెళ్లి పనులే. అతనికి ఇంకోలా తోచదు. నిజం చెప్పాలంటే గల్లీలో మాకెవరికీ ఇంకోలా తోచలేదు.

పనులు మొదలయ్యాయి. గల్లీ వాళ్లందరం తలా ఒక చేయి వేశాం. గోడలకు రంగు వేశారు. నల్లా బాగు చేశారు. దవాఖానలో ఉన్న రెండు మంచాల పరుపుల్లో దూది ముద్దలు కట్టి రాళ్లలాగా ఉంది. ఆ పరుపులు ఇంటికి తెచ్చి, విప్పి, దూది ఏకి, కొత్త బట్టలో నింపి కుట్టాను. చేతులు ఇదివరకు లాగా ఆడడం లేదు. కుట్టే సూది మళ్లీ మళ్లీ జారింది. అయినా చేశాను. మన్సూరా మంచం మీద కూర్చొని సూదిలో దారం ఎక్కించి ఇచ్చింది. ఆమె కళ్లు ఇంకా మంచివే.

తనిఖీ ముందటి సాయంత్రం సర్ఫరాజ్ దవాఖాన ముందు ఎర్ర తివాచీ పరిపించాడు. కుర్చీలకు తెల్ల గుడ్డలు తొడిగి వెనక పట్టు ముడులు వేయించాడు. గేటుకు బంతిపూల తోరణం. ఇదంతా అయ్యాక మార్తమ్మతో చెప్పాడు.

“అక్కా, రేపు పొద్దుగాల ఎవరూ రావద్దని గల్లీల చెప్పిన.”

ఆమె అప్పుడే ఫినాయిల్‌తో గదులు కడిగి నడుము పట్టుకొని లేచింది.

“వద్దురా. పేషెంట్లు లేని దవాఖాననా?”

“ఒక్క పూటనే అక్కా. మన్సూరా చాచీ కట్టిప్పితే వరండ మొత్తం వాసన. హమాలీ ఎల్లమన్న దగ్గితే కిటికీలు అదురుతయ్. వచ్చినోళ్లు ముక్కు మూసుకోని పోవాల్నా?” నా వైపు తిరిగాడు. “చిచ్చా, నువ్వు ఏమనుకోకు, ఉన్నమాట అన్న.”

నేను ఏమీ అనుకోలేదు.

మార్తమ్మ బకెట్‌లో నీళ్లు పారబోసింది. వాదించే ఓపిక ఆమెలో ఉన్నట్టు లేదు. “ఏమన్న చేయండ్రి,” అంది. “చిన్నమ్మ కట్టు దినం తప్పొద్దు. రేపు వాళ్లు పోయినంక నేనే ఇంటికొచ్చి కడ్త.”

ఇంటికి పోయి మన్సూరాకు చెప్పాను.

“నా కాలు కంపు కొడ్తుందన్నడా వాడు?”

“అన్నడు.”

ఆమె దుప్పటి కాళ్ల మీదికి లాక్కుంది. “కొడ్తుంది గదా,” అంది. “దవాఖాన ఉండాలంటే నేను ఇంట్లనే ఉంట. ఏమైతది.”

మరునాడు ఎండ ఎక్కాక జీపు వచ్చింది. ముగ్గురు దిగారు. పెద్దామె పేరు దేవిక, హైదరాబాద్ నుంచి వచ్చిన డాక్టరమ్మ. ఆమె తోరణం కింద ఆగి తివాచీని, కుర్చీలను చూసింది.

“ఇది దవాఖానేనా, ఫంక్షన్ హాలా?”

“మీ కోసమే మేడం,” అన్నాడు సర్ఫరాజ్ సంతోషంగా. గులాబీ షర్బత్ గ్లాసులు ముందుకు చాపాడు. ఆమె షర్బత్ తీసుకోలేదు. నేరుగా నల్లా దగ్గరికి పోయి తిప్పింది. నీళ్లు వచ్చాయి. గోడలు చూసింది, డబ్బాలు చూసింది, మందుల బీరువా చూసింది. మంచం మీది పరుపును అరచేత్తో నొక్కింది. “పరుపు బాగుంది. దీని మీద ఎవరైనా పడుకున్నారా ఎప్పుడైనా?” అంది. అది మెప్పు అనుకొని సర్ఫరాజ్ నా వైపు చూసి కన్ను కొట్టాడు.

అప్పుడే గల్లీ మలుపులో ఎల్లం కనబడ్డాడు. మార్కెట్‌లో హమాలీ పని చేసేవాడు. ఊపిరితిత్తుల జబ్బుకు గోలీలు తీసుకుపోతుంటాడు. ఉండేది అవతలి బస్తీలో, అతనికి ఎవరూ చెప్పలేదు. సర్ఫరాజ్ ఉరికాడు. ఏం చెప్పాడో, ఎల్లం టెంట్ సామాను బండి వెనక్కి పోయి కూర్చున్నాడు. తువ్వాల నోట్లో కుక్కుకున్నాడు. దగ్గు వచ్చినప్పుడల్లా అతని వీపు ఎగిరిపడడం నాకు వరండా స్తంభం దగ్గరి నుంచి కనబడుతూనే ఉంది.

డాక్టరమ్మ కుర్చీలో కూర్చుంది. చాలాసేపు కూర్చుంది. గేటు వైపే చూసింది. ఎవరూ రాలేదు. టేబుల్ మీది రిజిస్టర్ తిప్పి చూసి, మార్తమ్మను అడిగింది.

“రోజూ ఇంతమంది పేర్లున్నాయి. ఇవ్వాళ పొద్దుటి నుంచి ఒక్కరూ రాలేదేం?”

మార్తమ్మ నోరు తెరిచింది. మాట రాకముందే సర్ఫరాజ్ అందుకున్నాడు.

“మా గల్లీల అందరు మంచిగున్నరు మేడం. ఏ బీమారీ లేదు. సిస్టర్ గంత మంచిగ చూస్కుంటది.”

పిల్ల తరఫువాళ్లు చెప్పే మాటే అది. మా ఇంట్లో ఏ రోగమూ లేదని.

“అందరూ బాగుంటే ఇక్కడ దవాఖాన ఎందుకు?” అంది డాక్టరమ్మ. వెక్కిరింపుగా అనలేదు. ఆమె కూడా అలసిపోయినట్టుంది. ఇట్లాంటివి ఎన్ని చూసి వచ్చిందో. “చూడండి, గోడలు, నల్లా తర్వాతి సంగతి. చట్టం ముందు అడిగేది జనానికి ఇది అక్కరకు వస్తుందా అని. వస్తుంటే డాక్టరును ఇవ్వాలి, ల్యాబు ఇవ్వాలి. రాకపోతే వాటిని అక్కర ఉన్నచోటికి పంపాలి. ఇంకో మాట. మనుషులు రాకుండానే పేర్లు రాసి ఉంటే, ఆ మందులు ఎటు పోయాయన్నది కూడా నేను రాయాల్సి ఉంటుంది.”

“నిజం పేర్లే మేడం,” అంది మార్తమ్మ.

“అయితే మనుషులేరమ్మా?”

నేను స్తంభం దగ్గరే ఉండిపోయాను. మేమే ఆపామంటే, మార్తమ్మ ఎందుకు ఒప్పుకుందని అడుగుతారు. ఊరుకుంటే ఆమె దొంగ పేర్లు రాసినట్టు అవుతుంది. ఎటు తిప్పినా ఆమె మీదికే వస్తుంది. ఏది తక్కువ చేటో నాకు అక్కడికక్కడ తేలలేదు.

డాక్టరమ్మ లేచింది. “ఈ రాత్రికి గెస్ట్ హౌస్‌లో ఉంటాం. రేపు పొద్దున రిపోర్టు పంపేసి రేగోడ్ దవాఖాన చూడడానికి వెళ్లాలి. ఎవరైనా ఏదైనా చెప్పుకోవాలంటే అప్పటిదాకా చెప్పవచ్చు. వినాలని చట్టంలోనే ఉంది.”

జీపు పోయింది. ఎల్లం బండి వెనక నుంచి లేచి వచ్చాడు. ఆపుకున్న దగ్గంతా ఒక్కసారి దగ్గి, తువ్వాలతో కళ్లు తుడుచుకున్నాడు.

“మస్తు చేసినవ్ సర్ఫరాజ్ భాయ్ చూపులు,” అన్నాడు. “పిల్లనే లేకపాయె.”

సర్ఫరాజ్‌కు కోపం రాలేదు. వంగి తివాచీ చుట్టడం మొదలుపెట్టాడు. చుట్టినదే మళ్లీ విప్పి, మళ్లీ చుట్టాడు. మార్తమ్మ లోపలికి పోయి ఎల్లం గోలీలు తెచ్చి ఇచ్చింది.

సాయంత్రం ఆమె చెప్పినట్టే మా ఇంటికి వచ్చింది. ఎప్పటిలాగే నీళ్లు కాచి చల్లార్చమంది. చేతులు కడుక్కొని కట్టు విప్పింది. ఆ రోజు మిఠాయి సంగతి అడగలేదు. తిట్టలేదు. సర్ఫరాజ్ గడప దగ్గర నిలబడ్డాడు, లోపలికి రాలేదు.

“నేను పోయి చెప్తనక్కా. నేనే ఆపిన అని.”

“నువ్వు చెప్తే నమ్మదురా. అందరు మంచిగున్నరన్నది నువ్వే గదా. ఇప్పుడు నన్ను కాపాడనీకి అంటున్నవనుకుంటది.”

“మరెట్ల?”

“పేషెంట్లను రానియ్యలేదంటే నౌకరి పోతదేమో. దొంగపేర్లంటే కేసయితది. రెండిట్ల ఏది తక్కువ పరేషానో చూస్తున్న.” అని నవ్వబోయింది. గుడ్డ చుడుతూ చుడుతూ ఆగింది. “అలిసిన చిన్నమ్మా. రోజూ ఒక్కదాన్నే. డాక్టర్ వస్తడు, డాక్టర్ వస్తడు అని ఎన్నేండ్లు? ఈ చట్టంతోనన్న ఇంకో మనిషి వస్తదనుకున్న.”

మన్సూరా ఆమె తల మీద చేయి వేసింది. సర్ఫరాజ్ ఎప్పుడు పోయాడో చూడలేదు. స్కూటీ స్టార్ట్ కాకపోతే నేనే బయటికి వచ్చి కిక్ కొట్టాను.

తిరిగి వచ్చేసరికి మన్సూరా కట్టు వేసిన కాలిని దిండు మీద పెట్టుకొని కూర్చుంది.

“పొద్దుగాల ఆటో పిలువు,” అంది.

“ఎందుకు?”

“ఎందుకో నీకెరుక లేదా? మనుషులేరి అన్నదంట గదా ఆమె. ఒక మనిషిని నేనున్న.”

“సిస్టరమ్మ నౌకరి?”

“అది నువ్వు చెప్పే తీరును బట్టి ఉంటది. జన్మంత మాటలు జమ చేసి పెట్టినవు. జర ఇప్పుడన్న ఖర్చు పెట్టు.”

నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు. ఏం చెప్పాలో మనసులో అనుకుంటే, మాట మొదలు కాగానే చివర మరిచిపోతున్నాను.

తెల్లవారి నమాజు అయ్యాక ఆటో పిలిచాను. మంచు పడుతోంది. గెస్ట్ హౌస్ ముందు డ్రైవర్ జీపు అద్దం తుడుస్తున్నాడు. మేడం టిఫిన్ చేస్తున్నారు, ఇప్పుడు కుదరదు అన్నాడు అక్కడి అటెండర్. ఉంటాం అన్నాను. మన్సూరాను మెట్టు మీద కూర్చోబెట్టాను. మెట్టు చల్లగా ఉందని నా శాలువా మడిచి కింద వేశాను.

డాక్టరమ్మ చేతిలో బ్యాగుతో బయటికి వచ్చింది. నన్ను గుర్తు పట్టింది. “నిన్న స్తంభం దగ్గర నిలబడింది మీరే కదా?”

“నేనే మేడం. ఈమె నా ఇంటామె. మూడు నెలలు దాటింది, దినం తప్పించి దినం ఆ వరండలనే కట్టు కట్టించుకుంటది. నిన్న గూడ రావాల్సింది. వాసనస్తదని నేనే ఇంట్ల ఉంచిన. చుట్టాలొస్తుంటే ఇల్లు సదిరినట్టు మనుషులను సదిరినం. గల్లీలందరం కలిసే చేసినం. వద్దని మొదలన్నది సిస్టర్. మా మాట కాదనలేక ఊకున్నది. ఆమె రాసిన పేర్లు అన్నీ నిజం.”

అంత పొడుగు మాట నేను ఎప్పుడు మాట్లాడానో గుర్తు లేదు.

డాక్టరమ్మ గడియారం చూసుకుంది. జీపు వైపు చూసింది. తర్వాత మన్సూరా కాలి వైపు చూసింది.

“విప్పుతారా?”

నేను వంగి కట్టు విప్పాను. ఆమె బ్యాగు మెట్టు మీద పెట్టి, తను కూడా అక్కడే కూర్చొని, ఫోన్ లైటు వేసి పుండును దగ్గరగా చూసింది. ముక్కు మూసుకోలేదు.

“షుగర్ పుండు ఇంతదాకా మానిందంటే బాగా కడుతున్నట్టే. ఎవరు కట్టారు?”

“మార్తమ్మ,” అంది మన్సూరా. “నిన్న సాయంత్రం గూడ ఆమెనే ఇంటికొచ్చి కట్టింది.”

“రిపోర్టు రాత్రే రాసేశాను,” అంది డాక్టరమ్మ. “పంపలేదు ఇంకా. ఇవ్వాళ మళ్లీ గల్లీకి వస్తే రేగోడ్ పని పోతుంది.” అది మాతో అనలేదు, తనలో తానే అనుకుంది. డ్రైవర్ హారన్ కొట్టాడు. ఆమె చేయెత్తి ఆగమంది. బ్యాగులోంచి ట్యాబు తీసింది.

ఉంచుతారో మూస్తారో ఆమె చెప్పలేదు. నేనూ అడగలేదు.

“ఇట్లా ఇంట్లో ఉండిపోయినవాళ్లు ఇంకా ఎవరెవరు?” అని అడిగింది.

నేను మన్సూరా పక్కన మెట్టు మీద కూర్చున్నాను. ఎల్లం దగ్గుతో మొదలుపెట్టి, గల్లీలో ఒక్కొక్క ఇంటి తలుపు గుర్తు చేసుకుంటూ, ఎవరికి ఏ జబ్బో చెప్పడం మొదలుపెట్టాను.